గొర్రెల మామ కట్టిన కంప్యూటర్

మొన్న హైదరాబాదులో మా చెల్లెలి కూతురితో కంప్యూటర్ల దుకాణానికి వెళ్లాను. ఆ పిల్లకు ఆటలాడుకునే కంప్యూటర్ కావాలి. తయారుగా ఉన్నది కొనాలా, విడిభాగాలు తెచ్చి కట్టుకోవాలా అని నెల రోజులుగా ఇంట్లో అదే రభస. దుకాణం నిండా అద్దాల పెట్టెలు, వాటి లోపల తిరునాళ్లలో లాగా రంగుదీపాలు. సేల్స్ కుర్రాడు ఒక పవర్ సప్లై పెట్టె నా చేతికిచ్చి దాని గొప్పలు చెబుతున్నాడు. నా చెయ్యి నన్ను అడక్కుండానే దాన్ని కాస్త పైకి లేపింది, దించింది, మళ్లీ లేపింది.

"తూకం వేస్తున్నారా సార్?" అని ఆ కుర్రాడు నవ్వాడు.

తూకమే వేస్తున్నాను. కానీ ఆ లేపడం, దించడం నాది కాదు, మా గొర్రెల మామది. ఆయన పోయి రెండేళ్లయింది. కబురు నాకు నెల తర్వాత తెలిసింది. కడసారి చూడలేకపోయానన్న బాధ ఉంది. అయినా ఆ పెట్టె చేతిలో ఉన్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. తొంభై ఎనిమిది ఎండాకాలం, ఆత్మకూరు, ఆ గది, ఆ గోల అంతా ఒక్కసారిగా మీద పడి ఒళ్లు హుషారెక్కింది. మేనకోడలు భుజం తట్టి పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

మామ అంటున్నానే గానీ మాకు చుట్టరికం లేదు. వాళ్లు ఉదయగిరి కొండ కింద పల్లెలో గొర్రెలు పెంచుకునేవాళ్లు. మేం ఉదయగిరి ఊళ్లో, ఆదివారం పొద్దున్నే చర్చికి పోయే బడిపంతులు కుటుంబం. మా అమ్మ ఆయన్ని "అన్నా" అనేది, అందుకని నాకు మామ. యాభై దాటిన మనిషి. ఎండ మాడ్చేస్తున్నా భుజం మీద నల్ల కంబళి ఉండాల్సిందే. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు కదా, ఆ కంబళి అనంతపురం వైపు నుంచి తెప్పించుకున్నాడు. గొడుగూ అదే, పరుపూ అదే, సంచీ అదే.

నేనప్పుడు ఆత్మకూరు బస్టాండు పక్క సందులో ఒక గది తీసుకుని కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. పొద్దున కోర్సులు, మధ్యాహ్నం నుంచి గేములు. మూడు కంప్యూటర్లు, మూడూ కంపెనీవే. నెల్లూరులో డీలరు దగ్గర సీలుతో సహా కొన్నవి. ఆ సీలు మీద నాకు ఎంత గౌరవమంటే, దుమ్ము తుడిచేటప్పుడు కూడా ఆ కాగితం ముక్క చుట్టూ గుడ్డ తిప్పేవాణ్ని.

మామ మొదటిసారి మా సెంటర్‌కి వచ్చింది మంచినీళ్ల కోసం. సంత రోజు, గొర్రెలు అమ్ముకుని ఉదయగిరి బస్సుకు ఇంకా టైముందని వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి, కార్ల పందెం ఆడుతున్న పిల్లల వెనక నిలబడ్డాడు. బస్సొచ్చింది, పోయింది. ఇంకో బస్సూ పోయింది. మామ కదల్లేదు.

"అబ్బయా, ఒక మాట అడుగుతా, ఏమనుకోబాక," అన్నాడు చివరికి. "ఈ బండి పరిగెత్తతా పరిగెత్తతా మధ్యలో నిలబడి గుటకేస్తా ఉండాది. దానికేమన్నా జబ్బా?"

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ వెయ్యలేదు. మలుపు దగ్గర బొమ్మ క్షణం సేపు ఆగి, ఎగిరి దూకి, మళ్లీ కదిలేది. అది ఆటలో భాగమే అనుకునేవాళ్లు పిల్లలు. నిజానికి ఆ ఆటకు త్రీడీ కార్డు కావాలి, మెమరీ ఎక్కువ కావాలి. నా పెట్టెల్లో అవి లేవు. ఆ సంగతే చెప్పాను.

"కొనేటప్పుడు లోపల చూళ్లా?"

"చూడకూడదు మామా. సీలుంటుంది. విప్పితే గ్యారంటీ పోతుంది."

"అంటే నోరు తెరిచి పళ్లు చూడకుండా గొర్రెను తోలుకొచ్చినావన్న మాట."

గదిలో ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది గానీ, నీళ్లడిగి వచ్చిన పెద్దమనిషిని ఏమనగలం?

ఆ తర్వాత ప్రతి సంతకీ రావడమే. కర్రా చెప్పులూ గడప బయట పెట్టేవాడు. లోపలికి అడుగు పెడుతూనే ఒక్క చూపు చూసి, "ఈ పొద్దు తొమ్మిది మందే ఉండారే, ఆ మెల్లకన్నోడు రాలేదా?" అనేవాడు. లెక్కపెట్టేవాడు కాదు, చూడగానే తెలిసిపోయేది. ఆడే వంతు వస్తే రెండు చూపుడువేళ్లు బాణం మీటల మీద పెట్టి, తెరలోని కారును మందను అదిలించినట్టే అదిలించేవాడు. "ట్రుర్ర్‌ర్... హేయ్... ఆ పక్కకి పోబాకే... తిరుగే తల్లీ, తిరుగే!" అని ఆ సందు మొగదాకా వినిపించేది. అనుమసముద్రంపేట దర్గాకు పోతూ బస్సు దిగిన యాత్రికులు కూడా ఏం గొడవో అని తొంగి చూసి పోయేవాళ్లు.

ఇంకో విద్య ఉండేది ఆయనకు. ఆటలో మనతో పోటీపడే కార్లు ఐదు. ఒక్కొక్కదాని గుణం ఒక్కొక్కటని మామే కనిపెట్టాడు. "పచ్చది పిరికిది, దగ్గరకు పోతే జరుగుద్ది. ఎర్రది మూడో చుట్టులో కుడికి తోస్తాది, దాన్ని ముందు పోనిచ్చి ఎడమ నుంచి దూరు." మేం రోజూ ఆడేవాళ్లం, మాకు ఐదూ ఒకటే. ఆయన చెప్పినట్టు చేస్తే గెలిచేవాళ్లం.

అట్లా సాగుతుండగా బస్టాండుకు ఎదురుగా ఇంకో సెంటర్ తెరిచారు. కొత్త కంపెనీ కంప్యూటర్లు, పెద్ద తెరలు. అందులో అదే కార్ల పందెం కాస్త నయంగా పరిగెత్తుతోందట. వారం తిరక్కుండా నా గది బోసిపోయింది. మా నాయన ఉదయగిరి నుంచి వచ్చి ఖాళీ కుర్చీలు చూసి గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "మాకు తెలిసిన బళ్లో లెక్కల పంతులు పోస్టు ఖాళీ అయింది. జూన్‌లో బళ్లు తెరిచేలోపు వచ్చి నీ జవాబు తీసుకుపోతా. అప్పటికి ఇది నిలబడితే సరే. లేకుంటే తాళం వేసి నాతో వచ్చెయ్యి," అన్నాడు. నాకు లెక్కలంటే భయం లేదు. నా చేతులతో పెట్టుకున్న సెంటర్‌కి నా చేతులతోనే తాళం వెయ్యాలనేసరికి అన్నం సహించేది కాదు.

చేతిలో ఉన్నది ఒక్క కంప్యూటర్‌కి సరిపోతుంది. ఆ ఒక్కటీ ఎదుటివాళ్లను మించినదై ఉండాలి. నెల్లూరు పోయి మళ్లీ కంపెనీదే తెద్దామని నా ఆలోచన. బిల్లుంటుంది, గ్యారంటీ ఉంటుంది, చెడితే పోయి అడగడానికి ఒక దిక్కుంటుంది. మామ వింటూ కూర్చుని తల అడ్డంగా తిప్పాడు.

"మందనెవరన్నా ఒకేచోట కొంటారా అబ్బయా? పొట్టేలు ఒక ఊళ్లో బాగుంటాది, గొర్రెలు ఇంకో ఊళ్లో బాగుంటాయి. తిరిగి తిరిగి ఒక్కోదాన్ని చూసి మంద కట్టుకోవాల. మొత్తం మంద తోలుకుపో అని ఎవుడన్నా అన్నాడంటే అందులో నాలుగు కుంటివి ఉండాయని అర్థం."

"ఇవి గొర్రెలు కావు మామా."

"కాకపోతే ఏంది? తిండి తింటాది, వేడెక్కుతాది, పరిగెత్తతాది, అలిసి పడిపోతాది. యాడ తేడా ఉండాదో చెప్పు."

విడిభాగాలే కొందామని ఒప్పుకున్నాను. ఆ తర్వాతి బుధవారం ఇద్దరం మద్రాసు బస్సెక్కాం. మామ మందను తమ్ముడికి అప్పజెప్పి, పంచె ఉతికి కట్టుకుని వచ్చాడు. సంగం దగ్గర టీకి ఆగేసరికే నాలో తిరునాళ్లకు పోతున్నంత సంబరం ఒకపక్క, గొర్రెల కాపరిని నమ్ముకుని కంప్యూటర్ కట్టడానికి పోతున్నానే అని గుబులు ఒకపక్క.

మౌంట్ రోడ్డు దగ్గర విడిభాగాలు అమ్మే వీధి చూసి నాకు మతిపోయింది. అంతవరకూ కంప్యూటర్ అంటే సీలు వేసిన పెట్టే నాకు. అక్కడ కంప్యూటర్ కడుపులో ఉండేవన్నీ కూరగాయల్లాగా గుట్టలు పోసి ఉన్నాయి. మదర్‌బోర్డులు పేర్చి ఉన్నాయి, ఫ్యాన్లు దండలు కట్టి వేలాడుతున్నాయి. నేను నోరు తెరుచుకుని నిలబడితే, మామ మాత్రం సంతలోకి వచ్చినట్టు నింపాదిగా రెండు వైపులా చూసుకుంటూ నడిచాడు. నాలుగు కొట్లు వదిలేశాడు. ఐదో కొట్టు యజమాని గూడూరు వైపు నుంచి వెళ్లి స్థిరపడినాయన, తెలుగు బాగా వచ్చు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీకి ర్యామ్ ముక్క, త్రీడీ కార్డు నేను కాగితం మీద రాసుకుపోయినవే అడిగి తీసుకున్నాను. పవర్ సప్లై దగ్గర మామ నన్ను పక్కకు జరిపాడు. బల్ల మీద ఒకే రంగు, ఒకే లేబులు పెట్టెలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని పైకి లేపి, దించి, పక్కన పెట్టాడు. తొమ్మిదో పెట్టె దగ్గర ఆగాడు. "ఇది."

"అన్నీ ఒకటే పెద్దాయనా," అన్నాడు కొట్టాయన.

"ఒకటే అయితే ఇదే ఇయ్యి, నీకేం పోయింది? ఆ పక్కది పట్ట పోయిన గొర్రె. బొచ్చుంది గానీ లోపల కండ లేదు."

కొట్టాయనకు పంతం వచ్చింది. స్క్రూడ్రైవరు తీసి రెండు పెట్టెలూ విప్పాడు. మామ వద్దన్నదాంట్లో రాగిచుట్ట చిన్నది, వేడి లాగే రేకులు పల్చన. మామ ఎంచినదాంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి. రెండు రకాల సరుకు ఎక్కడో కలిసిపోయి వచ్చింది, ఆ సంగతి అమ్మేవాడికే తెలియదు. "ఎట్లా కనుక్కున్నావు?" అని కొట్టాయన అడిగితే మామ అరచెయ్యి చాపి చూపించాడు, అంతే. ఆ వీధిలో గట్టిగా ఈల వెయ్యాలనిపించింది నాకు.

బేరం కూడా మామే చేశాడు. ఉన్నట్టుండి కండువా తీసి కొట్టాయన చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్లు పట్టుకున్నాడు. ఆయన హడలిపోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సంతలో ధర పైకి చెప్పరు, గుడ్డ కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారని నేను వివరించాక, ఆయన నవ్వుతూ మళ్లీ చెయ్యిచ్చాడు. ఎంతకు తెగిందో డబ్బు కట్టేదాకా నాకే తెలియలేదు.

తిరుగు బస్సులో నేను అలసిపోయి నిద్రపోయాను. నా జీవితంలో అంత ఖరీదైన నిద్ర మళ్లీ పోలేదు. నెల్లూరు వచ్చాక మెలకువ వచ్చి చూస్తే మామ ఒళ్లో కంబళి మూట, దాని చుట్టూ రెండు చేతులు.

"డబ్బాల్లో లొడలొడమంటా కొట్టుకుంటా ఉంటే బయటికి తీసి దీంట్లో చుట్టినా. మెత్తగా పడుకున్నాయి."

"వెండి కవర్లు తియ్యలేదు కదా?"

"ఆ జిగేల్ కవర్లా? ఎప్పుడో పారేసినా. సరుకు మంచిదైతే తళుకులెందుకు? గొర్రెకు రంగు పూసినాడంటే గాయం దాచినాడనే. విప్పి ఎండలో పెట్టి చూసినా, గాయాలేమీ లేవు," అన్నాడు గర్వంగా.

నేను కంబళిలో చెయ్యి పెట్టాను. చేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, లోపల ఎక్కడో చిటపటమంది. కోర్సు చేసినప్పుడు మాస్టారు ఒక పూటంతా చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఉన్ని గుడ్డకు రాపిడి తగిలితే కరెంటు పుడుతుంది, మన ఒంటికి అది చీమకుట్టినంత, ఆ చిప్పులకు మాత్రం పిడుగు. అది ఆపడానికే ఆ వెండి కవరు.

మర్నాడు పొద్దున్నే గదిలో కూర్చుని ఒక్కొక్కటీ బిగించాం. మామ స్క్రూలు అందించాడు. ఎదుటి సెంటర్‌కి పోయిన పిల్లలు కూడా కబురు తెలిసి కిటికీకి వేలాడారు. స్విచ్చి వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. లోపల నుంచి బీప్, బీప్, బీప్ అని ఒకటే అరుపు.

"అరస్తా ఉండాదిగా, చావలేదు," అన్నాడు మామ. "మనం మందలో జబ్బుదాన్ని కనుక్కునేదెట్ట? ఒక్కోదాన్నీ విడదీసి చూడాల. నీ పాత పెట్టె విప్పు, దాంట్లోది తెచ్చి దీంట్లో పెట్టు."

పాత పెట్టె విప్పాలంటే సీలు చింపాలి. గోటితో ఆ కాగితాన్ని ఒక్కో అంచూ లేపి చింపాను. మూత తీసి చూసి తెల్లబోయాను. సగం పెట్టె ఖాళీ. త్రీడీ కార్డు పెట్టుకుందామన్నా చోటే ఇవ్వలేదు. మామ దాని పవర్ సప్లైని చూపుడువేలితో తట్టి పెదవి విరిచాడు. అందులోని ర్యామ్ ముక్క తీసి కొత్తదాంట్లో పెట్టగానే అరుపు ఆగింది, తెర వెలిగింది. కిటికీలో కేకలు. ఆట పెట్టాను. మెమరీ చాలదని మొండికేసింది. అంటే మిగతావన్నీ బతికే ఉన్నాయి. కొత్త ర్యామ్ ఒక్కటే చచ్చింది.

"నీ కంబళిలో పుట్టిన కరెంటుకే ఇది పోయింది మామా. దీన్ని మద్రాసు పంపి, వచ్చినప్పుడే చెడిపోయి ఉందని చెబుదాం," అన్నాను. "అందరూ అదే చెబుతారు. మార్చి ఇస్తాడు."

"అట్ట చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"సంతలో కొన్న గొర్రె మూడు పొద్దుల్లోపు చస్తే అమ్మినోడు నష్టంలో పాలు తీసుకుంటాడు. కానీ కొన్నోడు ఏం మేపినాడో దాచకుండా చెప్పాల. నేను కంబళిలో చుట్టినా. అదే చెబుతా."

"అది చెబితే నీ మొహాన కొడతాడు! వారంలో నాయన వస్తాడు, తెలుసా నీకు?" అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. "గొర్రెలు కాసుకునేవాడికి కంప్యూటర్లు ఎందుకు? నిన్ను నమ్మినందుకు నా బతుకు గంగలో కలిపావు!"

మామ నన్ను చూసిన చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆ చచ్చినదాన్ని ఇట్టియ్యి," అని చెయ్యి చాపాడు. ర్యామ్ ముక్కను కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకుని, కర్ర తీసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. కంబళి కుర్చీ మీదే ఉండిపోయింది. ఆ మనిషిని కంబళి లేకుండా నేను ఎప్పుడూ చూడలేదు. వెనక్కి పిలవాలని నోటిదాకా వచ్చింది, పిలవలేదు. అంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఉదయగిరి బస్సు కండక్టరుతో పల్లెకు కబురంపితే, ఇంటికి కూడా రాలేదని జవాబొచ్చింది. కంప్యూటర్ సంగతి మరిచిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం గడప బయట కర్ర చప్పుడైంది.

"తొమ్మిది మందన్నా లేరే," అన్నాడు లోపలికి వస్తూనే. మనిషి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. పంచె మడతలోంచి రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త ర్యామ్, వెండి కవరులోనే ఉంది.

"ఎట్లా ఇచ్చాడు మామా?"

"ఉండేది ఉన్నట్టు చెప్పినా. కంబళి, ఎండలో పెట్టింది, అంతా. ఆ యన్న ఒకటే నవ్వు. ఇన్నేళ్ల వ్యాపారంలో మాదే తప్పని చెప్పినోడు నువ్వొక్కడివే పెద్దాయనా అన్నాడు. మార్చి ఇచ్చేదానికి మాత్రం కుదరదన్నాడు. న్యాయమే గదా. నేను లేచినా. ఉండుండు అని గోదాముకు తీసకపోయినాడు. పోయి చూస్తే ఆ పవరు పెట్టెలు గోడెత్తు ఉండాయి! మంచీ చెడ్డా కలిసిపోయినాయి, విడదీసి పెడతావా అన్నాడు. రెండు పొద్దులు కూచ్చొని ఒక్కోదాన్నీ లేపి చూసినా. ఆయన నడమ నడమ విప్పి చూసుకున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదబ్బయా!" అరచెయ్యి నా మొహం ముందు పెట్టి ఊపాడు. "ఇది దాని కూలి."

కుర్చీ మీది కంబళి అందించబోతే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "బయట పెట్టు, బయట పెట్టు! దాన్ని లోపలికి రానియ్యకూడదంట, ఆ యన్న నాకు దువ్వెన తలకు రుద్ది చూపించినాడు." ఆ రోజు నుంచి గడప బయట కర్ర, చెప్పుల పక్కన కంబళి కూడా చేరింది.

ఒంటి మీద కరెంటేమన్నా ఉంటే పోయేలా చేతులు ఇనపకుర్చీకి తాకించి ర్యామ్ నొక్కాను. స్విచ్చి వేశాను. ఒక్కటే బీప్, చిన్నది. తెర వెలిగింది. ఆట మొదలైంది. నేను చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. రోడ్డు నీళ్లలాగా జారిపోతోంది! చెట్ల నీడలు కారు మీద నుంచి పాకుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు, గుటక లేదు, దూకడం లేదు. ఎవరో సందులోకి పరిగెత్తి అరిచారు. పావుగంటలో గది నిండింది, గడప నిండింది, కిటికీకి రెండు వరసలు వేలాడాయి. ఎదుటి సెంటర్ ఆయన కూడా పని ఉన్నట్టు నటిస్తూ వచ్చి నిలబడ్డాడు.

మొదటి ఆట మామదే అని అందరూ ఒప్పుకున్నారు. మామ కూర్చున్నాడు, అదిలించాడు, మొదటి మలుపులోనే గోడకు కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. ఆగి ఆగి పోయే బండికి అలవాటు పడిన వేళ్లాయె, ఆగకుండా పోతుంటే అందలేదు. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఇంత దౌడు తీస్తాదని నాకు చెప్పలేదేందిరా!" అని నన్నే తిట్టాడు.

సరిగ్గా ఆ గోలలో మా నాయన వచ్చాడు. చంకలో గొడుగుతో సందు మొగలో నిలబడి, జనాన్ని చూసి కొట్లాట అనుకున్నాడట. మామ లేచి, "రా సారూ, కూచ్చో," అని భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాయన వద్దు వద్దంటూనే బాణం మీట నొక్కాడు. ఆయన సైకిల్ తొక్కే వేగంతోనే కారు నడిపాడు. వెనక నుంచి ఐదు కార్లూ దూసుకుపోతుంటే, "హారన్ ఎక్కడుంది?" అన్నాడు. జనం ఒకటే నవ్వు. హారన్ లేదని చెబితే, లేకుండా రోడ్డు మీదికి ఎలా పంపుతారని నన్ను మందలించాడు. రెండో ఆటకు కళ్లజోడు సర్దుకున్నాడు. మూడో ఆటలో పచ్చకారును దాటేశాడు, మామ ఆయన వీపు మీద చరిచాడు.

"ఆ లెక్కల పోస్టుకి ఇంకెవరినైనా చూసుకోమని చెప్తాలే," అన్నాడు నాయన, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఉదయగిరి బస్సుకు టైమైందని ఎవరో గుర్తు చేస్తే నాయన అయిష్టంగా లేచాడు. ఆయన్ని బస్సెక్కించి తిరిగి వచ్చేసరికి మామ మళ్లీ కుర్చీలో ఉన్నాడు. గడప బయట కంబళి చూశాను. జనంలోంచి తోసుకుంటూ వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను.

"మామా, ఆ రోజు నేనన్న మాట..."

"ఉండబ్బయా, మలుపొస్తా ఉండాది!"

మలుపు వచ్చింది. మామ నోటితో అదిలించి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, గోడకు వెంట్రుకవాసి దూరంలో దాటేశాడు. గదంతా అరిచింది. ఎర్రకారును ముందు పోనిచ్చి ఎడమ నుంచి దూరాడు. పందెం గెలిచాడు. అప్పుడు తీరిగ్గా నా వైపు తిరిగి, చెమట తుడుచుకున్నాడు.

"ఏందో అంటివే?"

ఆయన మొహం చూశాను. అది చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"ఏం లేదు మామా."

"ఏం లేకుంటే ఇంకో ఆట పెట్టు."